ఒంటరిగా ఉండేవాళ్ళు కూడా

మెక్సికోలోని ఆ ఓహాకా కొండ ఊళ్ళో ఫిదెన్సియో గొంతు తెలియని ఇల్లు లేదు. పంచాయతీ మిద్దె మీది మైకులో ఊరిని పిలిచేది అతనే. పిలిచి, మైకు కట్టేసి, ఇంటికెళ్ళి ఒక్కడే కాఫీ తాగుతాడు. అంతమందిని పిలిచేవాడికి పలకరించే మనిషి లేడు.

ఆ ఆదివారం వానకి కొండదారి మీద మట్టి పడింది. ఊరంతా కలిసి చేసే పనికి, అదే తెకియోకి, తాతలనాటి మాటలతోనే పిలుపిచ్చాడు: "కుటుంబ పెద్దలారా, మీ ఆడవాళ్ళతో, పిల్లలతో కదలిరండి."

అందరూ వచ్చి మట్టి ఎత్తారు, ఒకే బంతిలో కూర్చుని మొక్కజొన్న తోర్తియాలు తిన్నారు. కొత్తగా బేకరీ పెట్టిన నొయెమీ మాత్రం రాలేదు. ఆవిడకి పొగరని ఊరు తేల్చేసింది. మర్నాటి నుంచి రొట్టెలు మిగిలిపోసాగాయి.

వారం తిరక్కుండానే నొయెమీ తడిసిన గొడుగుతో మైకు గదికొచ్చింది. బేకరీ ఎత్తేస్తున్నానని చాటించమంది.

రొట్టె నెపంతో ఆమెని ఓసారి చూసి రావడమే ఫిదెన్సియోకున్న సంబరం. పైకి మాత్రం, తెకియోకి వచ్చుంటే సరిపోయేదిగా అని గొణిగాడు.

"పిలిస్తేగా రావడం. పార పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. పెద్దలన్నారు, వాళ్ళ ఆడవాళ్ళన్నారు, పిల్లలన్నారు. వీళ్ళలో నేనెవర్ని?"

ఫిదెన్సియో ఆ పిలుపుని మనసులో మళ్ళీ చదువుకున్నాడు. ఆ పిలుపులో తనూ లేడు. మైకు చేతిలో ఉండబట్టి ఇన్నేళ్ళూ ఆ సంగతే తట్టలేదు. చాటింపు ఆదివారం దాకా ఆపమని బతిమాలాడు.

ఆదివారం మైకు పలికింది. "దారిలో ఇంకా మట్టి ఉంది. ఊళ్ళో ఉండే ప్రతి ఒక్కరూ రండి. ఒంటరిగా ఉండేవాళ్ళు కూడా రండి. మీరు రాకపోతే మాకు లోటే."

నొయెమీ పారతో పాటు బుట్టెడు రొట్టెలు తెచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. ఫిదెన్సియో ముందుగా ఒకటి తీసుకుని, పోయినసారి తప్పు పిలుపుదే గాని ఆవిడది కాదని అందరికీ వినపడేలా చెప్పాడు. బుట్ట ఖాళీ అయింది.

బంతిలో ఆమె అతని పక్కనే కూర్చుంది. "ఒంటరివాళ్ళు కూడా అన్నారు. నేను కాక ఇంకెవరున్నారండీ ఈ ఊళ్ళో?"

"నేనున్నాను," అన్నాడు. "పిలిచింది ఊరినే. ఎదురుచూసింది మాత్రం మీ కోసం."

నొయెమీ తలొంచుకుని తన రొట్టెలో సగం తుంచి అతని పళ్ళెంలో పెట్టింది. "అయితే వచ్చేసారి ఆ ఒంటరి మాట తీసేయొచ్చు."

"వద్దు, ఉండనిద్దాం," అన్నాడు ఫిదెన్సియో. "రేపు ఇంకెవరైనా పార పట్టుకుని గుమ్మంలో నిలబడితే?"