ఉరుము వెనక గొంతు

శనివారం పొద్దున్నే ముందు గదిలో కుర్చీలన్నీ గోడకు చేరాయంటే ఆ ఇంట్లో రిహార్సల్ ఉన్నట్టే లెక్క. వీధిలో అందరూ టీచరమ్మ అని పిలిచే ఆ ఇంటి కోడలు బళ్లో పాఠాలు చెబుతూనే, ఆదివారం రేడియోలో వచ్చే పిల్లల కార్యక్రమానికి చిన్న చిన్న నాటికలు రాస్తుంది. రాసి ఊరుకోదు. పిల్లల్ని పోగేసి, మాటలు పలికించి, స్టూడియోకి తీసుకెళ్లి, రికార్డింగ్ అయ్యేదాకా దగ్గరుండి చూసుకుంటుంది.

ఆ రోజు కూడా చేతిలో కాగితాలతో నిలబడి, వంటింట్లో పాలు పొంగుతున్నాయని అత్తగారు కేకేసినా వినిపించుకోలేదు. ఎదురుగా ఆడపడుచు కూతురు నిలబడి ఉంది. వాళ్ల కాపురం మేడ మీద వాటాలోనే. ఆ పిల్లది తేనెలాంటి గొంతు, అందుకే ఇంట్లో అందరికీ చిలక. టీచరమ్మ కూతురు చిలక కంటే ఏడాది పెద్దది. ఆమెది బొంగురు గొంతు. ఫోనెత్తితే అవతలివాళ్లు "బాబూ, అమ్మగారు ఉన్నారా" అని అడుగుతారు. దాంతో ఆమెకు 'బొంగురు' అనే ముద్దుపేరు అంటుకుంది.

తల్లి నాటికలన్నింటిలోనూ బొంగురు పని ఒక్కటే, శబ్దాలు. చేటలో బియ్యం దొర్లిస్తే వాన. పల్చటి రేకు ఊపితే ఉరుము. కొబ్బరి చిప్పలు బల్లకేసి కొడితే గుర్రం. పనిలో ఆ పిల్లకి వంక పెట్టలేరు. ఆమె కురిపించిన వాన విని, ఆరేసిన బట్టలు తీయడానికి నానమ్మ దొడ్లోకి పరిగెత్తిన రోజు కూడా ఉంది.

కొత్త నాటికలో వరదకి వంతెన కొట్టుకుపోతుంది. ఒక పిల్ల ఒంటరిగా రోడ్డుకి అడ్డం నిలబడి, వస్తున్న బస్సుని ఆపుతుంది.

"ఆపండి. వంతెన లేదు," అంది చిలక.

"భయం ఉండాలమ్మా. ఇంకోసారి," అంది టీచరమ్మ.

"ఆపండీ. వంతెన లేదూ."

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు తల బయటికి పెట్టింది. "అంత తియ్యగా పిలిస్తే డ్రైవరు బస్సాపి, ఎక్కించుకుని మరీ నదిలోకి తీసుకుపోతాడే."

పిల్లలందరూ నవ్వారు. చిలక ముఖం ఎర్రబడింది. అలా ఎన్నిసార్లు చెప్పించినా మాట దారికి రాలేదు. అప్పుడు మూలనుంచి, రేకు పట్టుకునే, బొంగురు అంది.

"ఆపండి. వంతెన లేదు."

అరవలేదు. గొంతు పెంచనైనా లేదు. అయినా గదిలో నవ్వులన్నీ టక్కున ఆగిపోయాయి. ఎదుటివాళ్లు చచ్చిపోబోతున్నారని తెలిసిన మనిషి గొంతది. టీచరమ్మ ఒళ్లు జలదరించింది. మరుక్షణమే ఏదో కంగారు ఆమెను కమ్మేసింది.

"నీ పని నువ్వు చూసుకో," అంది.

బొంగురు రేకుని జాగ్రత్తగా గోడకి ఆనించి దొడ్లోకి వెళ్లిపోయింది.

పిల్లలు ఇళ్లకు వెళ్లాక టీచరమ్మ దొడ్లోకి వచ్చింది. కూతురు నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది.

"అలా మధ్యలో లేచి వచ్చేస్తే ఎలాగే?"

"నాకు ఆ వేషం కావాలమ్మా."

"చిలకకి ఇచ్చేశాం కదా. నీకు కావాలంటే పైవారం నాటికలో ముసలి తాత..."

"తాత వద్దు. రాక్షసుడూ వద్దు. నేను ఆడపిల్లని. ఆడపిల్ల వేషం కావాలి."

"రేడియో అంటే చెవులేనే తల్లీ. వినేవాళ్లకి నువ్వు కనబడవు, గొంతే వినబడుతుంది. నలుగురూ నవ్వుతారు."

"నలుగురూ ఎక్కడ నవ్వారమ్మా? వాళ్లు వినకముందే నువ్వు నన్ను రేకు వెనక దాచేశావు."

తల్లి ముఖం పాలిపోయింది. ఒకటో తరగతిలో ఈ పిల్ల వేదికెక్కి పద్యం చెబితే హాలంతా గొల్లున నవ్వింది. ఆ రోజు కూతురి కళ్లు చూసి, ఇక జన్మలో ఈ పిల్లని నలుగురి నోట్లో పడనివ్వకూడదని ఒట్టు పెట్టుకుంది ఆమె. ఇప్పుడా మాట పైకి చెప్పేసింది.

బొంగురు తలెత్తి చూసింది. "అదా? అది నేనెప్పుడో మర్చిపోయానమ్మా. నువ్వే మోస్తున్నావు."

టీచరమ్మ తొట్టి గట్టు మీద కూలబడింది. ఇన్నేళ్లూ ఊళ్లో పిల్లలందరికీ మాటలు రాసిచ్చింది. సొంత బిడ్డకి మాత్రం ఉరుములూ వానలూ అప్పజెప్పి, అదే కాపాడటం అనుకుంది. కళ్లనీళ్లు జలజల రాలాయి. కూతురు దగ్గరికి జరిగి భుజం ఆనించింది.

కళ్లు తుడుచుకుని ఆమె తిన్నగా మేడెక్కింది. వేషం బొంగురుకి మారుస్తున్నానని వినగానే ఆడపడుచు భగ్గుమంది.

"చుట్టాలందరికీ చెప్పుకున్నాను వదినా. నోటి దగ్గర కూడు లాగేస్తావా? నీ కూతురైతే కూతురు, నా కూతురైతే కాదా?"

"నా కూతురని ఇవ్వడం లేదమ్మా. నా కూతురని ఇన్నాళ్లూ ఇవ్వలేదు. ఆ మాట దాని నోట్లో నిలబడింది. నువ్వే వచ్చి విను."

"నేనేం వినక్కర్లేదు. అన్నయ్యనే అడుగుతాను."

అన్నయ్య మెట్ల మీదే ఉన్నాడు. తన రంగుల దుకాణానికి బయల్దేరినవాడు, పెళ్లానికీ చెల్లెలికీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నిలబడిపోయాడు. "నాటకాల సంగతి నాకేం తెలుసే," అని గొణిగాడు.

అప్పుడు చిలక తలుపు చాటునుంచి వచ్చింది. "అమ్మా, ఆ మాట బొంగురు వదిన చెబితే నాకే భయమేసింది. నేను వాన చేస్తాను. ఎప్పణ్ణుంచో నాకు ఆ చేట పట్టుకోవాలని ఉంది. అత్తా, ఇస్తావా?"

టీచరమ్మ ఆ పిల్ల తల నిమిరింది. ఆడపడుచు మాత్రం ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. స్టూడియోకి వెళ్లే రోజున కిందికి దిగనే లేదు.

స్టూడియోలో ఇంకో అడ్డం వచ్చింది. ఒకసారి చదివించి చూసి, కార్యక్రమం చూసే మేడమ్ టీచరమ్మను మైకు గది అద్దం ఇవతలికి పిలిచింది.

"పిల్ల బాగానే చెబుతోందండీ. కానీ మగపిల్లాడి గొంతులా ఉంది. వినేవాళ్లు తికమకపడతారు. పోనీ, పాత్రని అబ్బాయిగా మార్చేద్దామా? రెండు మాటలు దిద్దితే సరిపోతుంది."

మొన్నటిదాకా అయితే టీచరమ్మ ఆ మాట తనే అనేది. అద్దం అవతల కూతురు మైకు ముందు నిటారుగా నిలబడి ఉంది. ఇక్కడి మాటలు అక్కడికి వినబడవు. అయినా తన గురించేనని ఆ పిల్లకి తెలిసినట్టే ఉంది. తల మాత్రం దించలేదు.

"మార్చనండీ. ఆడపిల్లల గొంతులు ఇలా కూడా ఉంటాయి. మా అమ్మాయిది ఇలాగే ఉంటుంది. వినేవాళ్లని కూడా విననివ్వండి. వద్దంటే నాటిక వెనక్కి తీసుకుపోతాను."

ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి అలా అనేసరికి మేడమ్ ఒక్క క్షణం ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వి, రికార్డింగ్ ఎర్ర దీపం వెలిగించమని సైగ చేసింది.

చిలక వాన మొదలుపెట్టింది. బొంగురు చెప్పాల్సిన చోట చెప్పింది. అద్దం ఇవతల టీచరమ్మ ఆ పిల్ల కోసం, ఆ బస్సులో ఉన్నవాళ్ల కోసం గుండె చిక్కబట్టుకుని నిలబడింది. అవి తను రాసిన మాటలేనని ఆమెకి కాసేపు గుర్తే రాలేదు.

ఆదివారం ఇల్లంతా రేడియో ముందు చేరింది. నానమ్మ వీధి చివరిదాకా వినబడేలా సౌండు పెంచింది. ఆడపడుచు దిగి వచ్చింది గానీ కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడింది. నాటిక ముగిశాక పాత్రధారుల పేర్లు చదివారు. మొట్టమొదట తన కూతురి పేరు, ముద్దుపేరు కాదు, ఇంటిపేరుతో సహా అసలు పేరు వినబడేసరికి తండ్రి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

ముందుగా నోరు విప్పింది ఆడపడుచే. "ఆ బస్సులో నేనే ఉంటే దిగి ఇంటిదాకా నడిచొచ్చేదాన్ని వదినా," అంది. అని, కళ్లొత్తుకుంటూ వచ్చి మేనకోడల్ని దగ్గరికి లాక్కుంది. "మా చిలక వాన కూడా తక్కువ పడలేదు చూశావా?"

"దొడ్లో బట్టలు తీశావా అమ్మా?" అని అన్నయ్య తల్లిని అడిగాడు. ఇల్లంతా ఫక్కుమంది.

ఆ నవ్వుల మధ్య బొంగురు తల్లి వైపు చూసింది. ఏ పిల్ల ఎంత బాగా పలికినా ఎక్కడో ఒక చిన్న తప్పు పట్టకుండా వదలని మనిషి ఆమె.

"ఎలా ఉందమ్మా? ఏమైనా దిద్దుకోవాలా?"

టీచరమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను రాసినదాని కంటే బాగుందే," అంది. ఆ నాలుగు మాటలూ పూర్తయ్యేసరికి ఆమె గొంతే బొంగురుపోయింది.