తోరణం కింద గంట తేడా

"రాహుకాలంలో నేను కారు దిగనమ్మా. నువ్వు దిగినా సరే, నేను దిగను."

కాశీవిశ్వనాథం గారు వెనుక సీటులో కూర్చుని సీటు బెల్టు కూడా విప్పలేదు. ఆయన పక్కన ఆయన తమ్ముడి కూతురు రిషిత పెదవి కొరుక్కుంటూ ముందున్న అద్దంలోకి చూసింది. అద్దంలో, కారు నడుపుతున్న క్రిస్టో కళ్ళు కనిపించాయి. ఏమీ అనకు, అని ఆమె కళ్ళు చెప్పాయి. ఏమీ అనను, అని అతని కళ్ళు ఒప్పుకున్నాయి.

"ఎప్పటి దాకా అంకుల్?" అని మాత్రం అడిగాడు.

ఆయన మణికట్టు ఎత్తి, కీ ఇచ్చే పాత వాచీని ఎండకు పట్టి చూశారు. "ఇప్పుడే పదిన్నర అయింది. శుక్రవారం కదా, పన్నెండు దాకా. అంతవరకు మంచి మాట అనుకోకూడదు."

క్రిస్టో డాష్‌బోర్డు వైపు చూశాడు. అక్కడ పదకొండున్నర అని ఉంది. మరుక్షణం ఇంజను ఆపడంతో అంకెలు ఆరిపోయాయి.

పడమటనున్న గ్వెల్ఫ్ ఊరి నుంచి విమానంలో తూర్పు తీరానికి వచ్చినవారు న్యూ బ్రన్స్‌విక్‌లో దిగగానే గడియారాన్ని గంట ముందుకు తిప్పుకోవాలి. ఫోన్లు తమంతట తామే తిప్పుకుంటాయి. చేతి వాచీలు తిప్పుకోవు. పెదనాన్న ముందు ఫోను చూస్తే మర్యాదగా ఉండదని రిషిత తన ఫోనును పొద్దుటే సంచి అడుగున పడేసింది. కనుక ఆ కారులో గంట తేడా తెలిసినవాడు ఒక్కడే. నోరు విప్పడానికి వీలులేనివాడూ అతడే.

తండ్రి పోయాక రిషితను పెంచింది పెదనాన్నే. క్రిస్టో గ్వెల్ఫ్‌లో నర్సుగా పనిచేసిన ఏడాదిలో, సిటీ బస్సులో సీటు దగ్గర తగాదాతో మొదలైన పరిచయం ప్రేమ దాకా వచ్చింది. తరువాత అతనికి ఈ తీరంలోని మాంక్టన్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పెదనాన్న కాదన్నారని కాదు, ఔననలేదు. "అబ్బాయిని ఒకసారి చూస్తాను. చూశాక ఒకటే మాట చెబుతాను," అన్నారు. ఆ మాట కోసమే ఈ ప్రయాణం.

అమలాపురం బ్రాహ్మణ కుటుంబంలోకి మచిలీపట్నం క్రైస్తవుల అబ్బాయి. అతడు నోరు తెరిచి, అంకుల్, మీ రాహుకాలం తప్పు, అంటే అది వాచీ గురించిన మాటగా ఎవరికీ వినిపించదు.

"మాల్టాలో పని చేశావట?" కాశీవిశ్వనాథం గారు ప్రశ్నలు మొదలుపెట్టారు.

"మూడేళ్ళండీ. అక్కడ గోజో అనే దీవిలో సముద్రం మీద పెద్ద శిలాతోరణం ఉండేది. నేను వెళ్ళేసరికే తుఫానులో కూలిపోయింది. అంతకుముందు నుంచీ అక్కడే ఉన్న మా ఆసుపత్రివాళ్ళు కూడా, వచ్చే వారం చూద్దాం, వచ్చే నెల చూద్దాం అనుకుంటూ చూడలేకపోయారు. అందుకే ఇక్కడి తోరణమైనా మీకు చూపించాలని."

"తిరుమలలో శిలాతోరణం చూశాను. దాని కిందికి సముద్రం రాదులే," అని ఆయన మొదటిసారి నవ్వారు. రిషిత ఊపిరి పీల్చుకుంది. క్రిస్టో పీల్చుకోలేదు.

కిటికీ బయట, ఆటు వేళ నీరు వెనక్కి తీసి, ఫండీ అఖాతం ఖాళీగా ఉంది. ఎర్రటి బురద, పచ్చటి నాచు, దూరంగా వెండి గీతలా నీరు. మాల్టా చుట్టూ ఉన్న మధ్యధరా సముద్రం ఆటుపోట్లకు జానెడు ఎత్తు మారితే గొప్ప. ఫండీ గరాటులాంటిది, లోపలికి పోయేకొద్దీ ఇరుకై, వచ్చిన నీరంతా పైకి లేస్తుంది, కొన్నిచోట్ల నాలుగంతస్తుల మేడంత. రాహువు గణితంలో ఒక బిందువు. చంద్రుడు బరువున్న వస్తువు. సముద్రం ఆ బరువు మాట మాత్రమే వింటుంది.

మెట్ల దగ్గర బోర్డు ఉంది: పోటు వస్తుంది, ఒకటిన్నరకల్లా అందరూ పైకి రావాలి.

వాచీ ప్రకారం పన్నెండు కాగానే కాశీవిశ్వనాథం గారు బెల్టు విప్పారు. "పదండి. బోర్డు చూశాను. ఇంకా గంటన్నర ఉంది."

నిజానికి అరగంటే ఉంది. దిగడానికి పది నిమిషాలు, చూడడానికి ఐదు, ఎక్కడానికి పది. సరిపోతుందని క్రిస్టో తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

మెట్ల మీద రిషిత అతని మోచేతిని పొడిచింది. "ఎందుకలా చెమటలు పడుతున్నాయి? మా పెదనాన్న నిన్ను తినేయరులే."

"ఆయన సంగతి కాదు."

"మరి?"

"కొంచెం ఫాస్ట్‌గా నడుద్దామా, ప్లీజ్?"

"మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఫాస్ట్‌గా నడవమంటావా? బాగుంది నర్సు ఉద్యోగం!"

శిలాతోరణం కొండ ముక్కు మలుపు తిరిగాక ఉంది. దాని కింద నిలబడితే ఎర్రరాయి గొడుగులా తలమీదికి వంగింది. రాతి మీద మనిషి తలకన్నా ఎత్తున తడి గీత. కాశీవిశ్వనాథం గారు పరవశించిపోయారు. రాయిని తడిమారు. నాచు వాసన చూశారు. ఒక రాతి మీద తీరిగ్గా కూర్చున్నారు.

"నాయనా క్రిస్టో, మా తమ్ముడు పోయేటప్పుడు ఈ పిల్ల చేయి నా చేతిలో పెట్టాడు. అప్పుడు దీనికి ఆరేళ్ళు..."

ఎదురు చూసిన మాట అక్కడి నుంచే మొదలయ్యేలా ఉంది. రిషిత రెండు చేతులూ బిగించి పట్టుకుంది. క్రిస్టో మలుపు వైపు చూశాడు. ఇందాక వారు నడిచి వచ్చిన ఇసుక మీద పలుచని నీటి పొర మెరుస్తోంది.

ఇప్పుడు మాట్లాడితే ఆ మాట తెగిపోతుంది. మళ్ళీ అతుకుతుందో లేదో.

"అంకుల్, లేవండి. వెనక్కి వెళ్ళాలి."

"కూర్చో అబ్బాయ్. ఇంకా గంట ఉంది."

"లేదండీ. మీ వాచీ గ్వెల్ఫ్‌లో ఉంది. మనం ఇక్కడున్నాం."

ఆయన ముఖం గట్టిపడింది. "అంటే?"

"ఇక్కడ గంట ముందు. మనం కారులో కూర్చున్నప్పుడు రాహుకాలం అరగంటే మిగిలి ఉంది. తరువాతి గంటంతా మంచి టైమే. ప్లీజ్, నీళ్ళు మలుపు దగ్గరికి వచ్చేశాయి."

రిషిత తిరిగి చూసి, "పెదనాన్నా!" అని అరిచింది.

మలుపు చేరేసరికి నీరు చీలమండలు దాటి పిక్కలకు వచ్చింది. ఏప్రిల్ నీరు, సూదుల్లా పొడిచింది. నాచు మీద కాశీవిశ్వనాథం గారి కాలు జారింది. క్రిస్టో వంగి వీపు చూపించాడు.

"ఎక్కండి అంకుల్."

"సిగ్గుగా లేదూ, ఈ వయసులో..."

"ఆసుపత్రిలో రోజూ మోస్తాను. ఎక్కండి!"

ఎక్కారు. రిషిత అతని బెల్టు పట్టుకుని వెనుకే నడిచింది. "సినిమాల్లో హీరోయిన్‌ని ఎత్తుకుంటారు," అంది.

"నువ్వు క్యూలో ఉన్నావు," అన్నాడు రొప్పుతూ.

మెట్ల పైకి చేరాక బెంచీ మీద ముగ్గురూ కూలబడ్డారు. ముందుగా తేరుకున్నది రిషిత. తేరుకోగానే అతని భుజం మీద ఒక్కటి వేసింది.

"నీకు ముందే తెలుసా? కారులోనే తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ నోరు మూసుకున్నావా! మునిగిపోయి ఉంటే?"

"ఏమీ అనకు అన్నది నువ్వే కదా రిషీ. రాహుకాలం మీద నేను మాట్లాడితే మీ మతాన్ని వెక్కిరించినట్టు ఉంటుందనుకున్నాను. నీళ్ళకంటే మీ పెదనాన్న 'కాదు' అంటారనే ఎక్కువ భయపడ్డాను. అది తప్పే."

"తప్పే," అన్నారు కాశీవిశ్వనాథం గారు.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆయన తడిసిన పంట్లాం పిండుకుంటున్నారు.

"వాచీ చూసుకోనిది నేను. అది నా తప్పు. కానీ మర్యాద కోసం మనిషిని నీళ్ళలోకి నడిపించేవాడికి పిల్లనెలా ఇవ్వను?"

రిషిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్రిస్టో లేచి ఆయన ఎదుట నిలబడ్డాడు.

"ఇవ్వకపోయినా ఇప్పుడు చెబుతున్నానండీ. మీ బీపీ మాత్ర ఖాళీ కడుపుతో వేసుకున్నానని కారులో అన్నారు. ముందు ఏదైనా తినండి. ఆ చెప్పులతో ఇక ఎక్కడికీ రాకండి. మోకాలికి ఎక్స్‌రే తీయించాలి, నూనె రాస్తే తగ్గదు. మీకు కోపం వచ్చినా సరే."

కాశీవిశ్వనాథం గారు అతన్ని పైనుంచి కిందికి చూశారు. "ఇలాంటి మాట కారులోనే నీ నోట్లోంచి రావాల్సింది."

"అవునండీ."

ఆయన మలుపు అవతలికి, కిందికి చూశారు. ఇందాక తాను తీరిగ్గా కూర్చున్న రాయి లేదు. తోరణం పాదాల చుట్టూ నీరు. వాచీ కీని రెండు వేళ్ళతో లాగి, ముల్లును మెల్లగా గంట ముందుకు తిప్పారు.

"వచ్చే వారం, వచ్చే నెల అనుకుంటే ఆ మాల్టా రాయి ఆగిందా? ఇప్పుడు ఏ కాలమో చూడను." రిషిత చేయి తీసుకుని క్రిస్టో చేతిలో పెట్టారు. "పెళ్ళి ముహూర్తం మాత్రం నేనే పెడతాను. దానికి ఎదురు చెప్పకు."

"చెప్పను అంకుల్," అన్నాడు క్రిస్టో. ఒక్క క్షణం ఆలోచించి, "ముందు రోజు రాత్రి మీ వాచీ ఒకసారి నాకిస్తే చాలు," అన్నాడు.

రిషిత బూటులోని నీళ్ళు వంపుతూ, పొద్దుటి నుంచి మొదటిసారి, గట్టిగా నవ్వింది.