ముప్పై ఎనిమిది నిమిషాల నీలం

జూన్ 27. ఉదయం 10:42.

సియరా తీరంలోని గాలిమర రెక్కల ఫ్యాక్టరీలో, బరువు లాగి పరీక్షిస్తున్న అరవై మీటర్ల రెక్క ఫెళ్లున విరిగింది. దాని కింద జెనివాల్ ఉన్నాడు. టెక్నీషియన్. ఇరవై ఆరేళ్లు. అక్కడికక్కడే పోయాడు.

11:30కి ఇన్‌స్పెక్టర్ జసీరా వచ్చింది. పావుగంటలో ఆమెకి దోషి పేరు కూడా చెప్పేశారు.

చెప్పింది డాక్టర్ ఎవరాల్దో. రెక్క ఎక్కడ పగులుతుందో కంప్యూటర్‌లో ముందే లెక్కకట్టే నిపుణుడు. ఇస్త్రీ చొక్కా. మెడలో రెండు బ్యాడ్జీలు. ఒక్క మనిషికి రెండెందుకో జసీరాకి అర్థం కాలేదు.

"తప్పంతా జులేయిదది, మేడమ్. అచ్చులో ఫైబర్ గుడ్డ పరిచేది ఆ ముసల్దే. ముడత వదిలేసింది. నా మోడల్‌లో పగులే లేదు. చూడండి, అంతా నీలం. ఎరుపుంటేనే ప్రమాదం."

జులేయిద గోడవారన నిలబడి ఉంది. పోయినవాడు ఆమె అక్క కొడుకు. ఆమె చేతుల్లో పెరిగినవాడు.

"నా చేత్తోనే వాణ్ణి చంపుకున్నానా, మేడమ్? అదొక్కటి తేల్చండి. తర్వాత జైలుకైనా పోతా."

జసీరా ఎవరాల్దో వైపు తిరిగింది.

"బరువు లాగుతుంటే వాడు కిందకెందుకెళ్లాడు?"

"సెన్సర్ ఊడింది. అతికించడానికి."

"ఎవరు వెళ్లమన్నారు?"

"అక్కడ క్షేమమని నా రిపోర్టులో ఉందిగా!"

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఇంత చదువూ చదివి నోరు కట్టుకోవడం నేర్చుకోలేదు.

జసీరా విరిగిన ముక్క ఒకటి జులేయిద చేతికిచ్చింది. "పగులు మొదలైంది ఇక్కడే. చూసి చెప్పమ్మా. ముడతుందా?"

జులేయిద బొటనవేలితో తడిమింది. "రెజిన్ జిగురు గట్టిపడ్డాక ముడత ఎక్కడికీ పోదు, మేడమ్. ఉంటే చేతికి తగలాలి. ఇది నున్నగా ఉంది."

"పోగులు తెగాయా?"

"ఒక్కటీ తెగలేదు. ఉల్లిపొరల్లా పొరకి పొర ఊడొచ్చింది."

"డాక్టర్ గారూ, మీ కంప్యూటర్‌లో పొరలు ఊడతాయా?"

ఎవరాల్దో నవ్వాడు. "అది ఆరేళ్ల చదువు, మేడమ్. మీకు చెప్పినా ఎక్కదు."

"ఎక్కదు. గడియారం చూడ్డం మాత్రం వచ్చు."

కంప్యూటర్ గది నుంచి తెప్పించిన కాగితం ఆమె బల్లమీద పరిచింది.

"ఇంతకుముందు పదకొండు రెక్కలు. ఒక్కోదానికీ దాదాపు ముప్పై ఒక్క గంటల లెక్క. ఈ రెక్కకి జూన్ 23న మొదలు మధ్యాహ్నం 2:10. ముగింపు 2:48. ముప్పై ఎనిమిది నిమిషాలు! ఏం తగ్గించారు?"

ఏసీ గదిలో ఆయన మెడ తడిసింది.

"పొరల మధ్య జిగురు... ఊడొచ్చని లెక్కిస్తేనే అంత టైం పడుతుంది. ఆ ఒక్కసారికి ఊడదని పెట్టేశా. సావ్ జువావ్ పండగ, మేడమ్. ఆ సాయంత్రం మా తోటలో విందు. మంట దగ్గర అందరూ నాకోసం ఎదురుచూస్తున్నారు."

"పగులు పోయే దారి మీరే మూసేసి, పగులు లేదని సంతకం పెట్టారన్నమాట. పైగా ముడతంటూ ఈవిడ మీదకి తోశారు."

"చిన్న సర్దుబాటు, అంతే!"

"ఆ సర్దుబాటు తీసేయండి. ఇప్పుడే నడపండి."

12:15కి మొదలైంది. మర్నాడు సాయంత్రం 7:15కి ముగిసింది. గదిలో ముగ్గురే ఉన్నారు.

ఈసారి బొమ్మలో ఒకచోట ఎర్రగా ఉంది. సరిగ్గా జెనివాల్ పడి ఉన్నచోటికి పైన.

"నీ చెయ్యి కాదమ్మా," అంది జసీరా.

జులేయిద అప్పుడు ఏడ్చింది. జసీరా ఎవరాల్దోకి వేయడానికి బేడీలు బయటికి తీసింది. ఆయన రెండు బ్యాడ్జీలూ సర్దుకున్నాడు.

"పండగపూట ఎవరైనా తొందరపడతారు, మేడమ్..."

జులేయిద కళ్లు తుడుచుకుని ఆయన ఎదురుగా వచ్చింది.

"మీ తోటలో ఆ మంటకి కట్టెలు పేర్చింది మావాడే, డాక్టర్ గారూ. పొద్దుట్నించీ మోశాడు. మీరు పిలిచారని ఎంత సంబరపడ్డాడో."