అందరి జవాబు

ఊపిరిని కొలిచే గొంతుపట్టీ మీద పసుపు గీత మళ్ళీ లేచింది. జోగారావు వేలెత్తగానే ఎదురుగా కూర్చున్న అభ్యర్థి ఆగిపోయాడు. "చొరబాటు" అనే మాటకు ముందు అతను ఊపిరి పీల్చాడు. అక్కడ పీల్చకూడదు. వాక్యం ఎత్తుకోకముందే పీల్చాలి, లేకపోతే ఇంటర్వ్యూ చేసే యంత్రం, తూకందారు, దాన్ని సందేహం కింద లెక్కేస్తుంది. అభ్యర్థి మళ్ళీ మొదటినుంచి అప్పజెప్పాడు. ఈసారి గీత లేవలేదు. జోగారావు సంసిద్ధ ముద్ర వేయించి పంపేశాడు.

కంపెనీల్లో మనుషులు మనుషులను ఇంటర్వ్యూ చెయ్యడం మానేసి ఒక తరం గడిచింది. ఇప్పుడు తూకందారు అడుగుతుంది, అభ్యర్థి చెబుతాడు. ఆ జవాబును అది అంతకుముందు నెగ్గినవాళ్ళ జవాబుతో పోల్చి చూస్తుంది. దగ్గరగా ఉంటే కొలువు, దూరంగా ఉంటే ఇంటికి. అందుకే కోచింగుపేటలో సందుకో ఉత్తుత్తి ఇంటర్వ్యూల నమూనా గది వెలిసింది. నెగ్గిన జవాబును పట్టుకుని వచ్చినవాళ్ళందరి నోటా పలికించడమే శిక్షకుల పని. ప్రోగ్రాములు నేర్పుతానని విజయనగరం నుంచి వచ్చిన పెద్దమనిషి చివరికి ఊపిరి ఎక్కడ పీల్చాలో నేర్పుతున్నాడని జోగారావు భార్య దెప్పేది. ఆయన నవ్వేసేవాడు గానీ, ఆ మాట లోపల గుచ్చుకునేది.

తరవాత వచ్చింది మంజీర. మెదక్ పిల్ల. కోడు రాయడంలో చెయ్యి తిరిగింది. అడిగిన ప్రోగ్రాము రాసి, అందులోకి దొంగ ఎక్కణ్ణించి దూరగలడో తనే చూపించి, ఆ కన్నం తనే పూడ్చేది. నగర జలవ్యవస్థలో చొరబాట్లను అడ్డుకునే కావలి ఇంజనీరు కొలువు కోసం ఆమెకిది మూడో ప్రయత్నం. మూడుసార్లు తప్పినవాళ్ళను తూకందారు ఇక ఏ కావలి కొలువుకూ పిలవదు. మర్నాడే ఇంటర్వ్యూ.

కోడు ప్రశ్నలన్నీ గడగడా చెప్పేసింది. చివరిది ప్రతి కావలి ఇంటర్వ్యూలోనూ వచ్చే ప్రశ్న. పంపింగ్ స్టేషన్ల నియంత్రణలోకి ఎవరో చొరబడ్డారు, మొదట ఏం చేస్తారు? దీనికి జవాబు ఆ పేటలో టీ కొట్టువాడికి కూడా వచ్చు. స్టేషన్లన్నిటినీ నెట్‌వర్క్ నుంచి విడదీసి, వెంటనే పంపులు ఆపేస్తాను అనాలి.

మంజీర ఆ మాట అనలేదు. పంపులు నడవనిస్తాననీ, లోపలికొచ్చినవాడు దేనికోసం ఎదురుచూస్తున్నాడో ముందు కనిపెడతాననీ చెప్పింది. గొంతులో తడబాటు లేదు. పోలిక మాత్రం పాతాళానికి పడిపోయి ఎర్రదీపం వెలిగింది.

అంతకుముందు రెండుసార్లూ ఆమె తప్పింది ఇక్కడే. జోగారావుకు చిర్రెత్తుకొచ్చింది. రేపొక్కరోజు అందరిలా చెప్పేసి, కొలువులో చేరాక తనకు నచ్చినట్టు చేసుకోమన్నాడు. ఇంత మొండితనం పనికిరాదన్నాడు.

మంజీర గొంతుపట్టీ విప్పి బల్ల మీద పెట్టింది.

"పోయిన ఎండకాలం నీళ్ళు బందైనయి, యాదికున్నదా సార్?"

గుర్తులేకేం, నగరమంతా అల్లాడిపోయిందన్నాడు జోగారావు.

"మా అక్క డయాలసిస్ మీదున్నది. ఆ మిషన్ నడవాల్నంటే నీళ్ళు గావాలె. దొంగోడు నీళ్ళు ఆపిండని అందరన్నరు. తర్వాత ఎవ్వడు ఎప్పుడేం జేసిండో రాసున్న లాగ్స్ బయటపెడితే నేను కూసోని అన్నీ చదివిన. వాడు ఒక్క పంపు గూడ ఆపలే సార్. ఉత్తగ లోపలికొచ్చి సప్పుడు జేసిండు, గంతే. పంపులు ఆపింది మనోళ్ళు. అన్ని స్టేషన్లల్ల ఒక్కటే తీరు, ఒక్కపారే. మనోళ్ళేం జేస్తరో వానికి ముందే ఎర్కనే. మనం గల్లీకో గదివెట్టి నేర్పుతున్నం గద."

వేళకు ట్యాంకరు దొరకబట్టి అక్క బతికిందని చెప్పింది. "గా కుర్సీల కూసోని మల్ల గదే జేస్తనని ఎట్ల చెప్పాలె సార్?"

గోడ మీద నెగ్గినవాళ్ళ ఫొటోలున్నాయి. ఆ ఎండాకాలం స్టేషన్లలో కూర్చున్నవాళ్ళలో సగంమంది ఆ ఫొటోల్లో నవ్వుతున్నారు. అందరి చేతా ఆ వాక్యం పలికించింది తనే. వీధిలో ఇళ్ళన్నిటికీ ఒకే తాళం వేసి అదే కాపలా అనుకున్నట్టుంది తను చేసిన పని. జోగారావుకు సిగ్గేసింది.

పోలిక చాలనివాళ్ళకు నమూనా గది సంసిద్ధ ముద్ర వెయ్యదు. అయితే శిక్షకుడు కావాలంటే తన బొటనవేలితో చేతిముద్ర వెయ్యొచ్చు. చేతిముద్ర ఉన్న అభ్యర్థి తేడాగా జవాబు చెబితే దాన్ని తడబాటుగా కొట్టెయ్యకూడదని నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. తూకందారు కొత్తగా వచ్చిన రోజుల్లో మనుషులు రాసిన వాక్యం అది. అభ్యర్థి తప్పితే మాత్రం శిక్షకుడి అనుమతి రద్దవుతుంది. ఆ భయానికి ఎవరూ దాని జోలికి పోలేదు, చివరికి అలాంటిదొకటి ఉందన్న సంగతే పేటంతా మరిచిపోయింది.

జోగారావు ఆ వాక్యం గుర్తుతెచ్చుకుని చెప్పగానే సంగతి అర్థమై మంజీర కంగారుపడింది. వద్దనీ, తన తిప్పలేవో తను పడతాననీ అంది. అప్పటికే ఆయన బొటనవేలు ముద్ర తీసుకునే అద్దం మీద ఉంది.

"నాకింకో పని రాదమ్మా," అన్నాడు జోగారావు. "ఇది కాస్తా పోతే మా ఆవిడకి దెప్పడానిక్కూడా ఏటీ మిగల్దు. నువ్వు మాత్రం నీ జవాబే చెప్పు."

మర్నాడు ఇంటర్వ్యూ గది అద్దానికి ఇవతల నిలబడ్డాడు. ఆఖరి ప్రశ్న వచ్చింది. మంజీర తన జవాబే చెప్పింది. మామూలుగా జవాబు పూర్తయ్యేసరికి దీపం వెలుగుతుంది. ఈసారి ఎరుపూ రాలేదు, పచ్చా రాలేదు. పక్క గదుల్లో కూడా ప్రశ్నలు ఆగిపోయాయి. బయట వరసలో ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూస్తున్నారు.

"ఎందుకు?" అంది తూకందారు.

ఇన్నేళ్ళలో అది ఆ మాట అడగడం జోగారావు వినలేదు.

మంజీర నేర్చుకున్న ఊపిర్లన్నీ మరిచిపోయింది. తడబడింది, మధ్యలో ఆగింది, పసుపు గీత ఎగిరెగిరి పడింది. తన మెదక్ మాటల్లోనే అక్క సంగతీ, లాగ్స్ సంగతీ చెప్పింది. తూకందారు మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక, రేపు ఆ చొరబాటుదారుడు మీ జవాబు కూడా నేర్చుకుంటే ఏం చేస్తారని అడిగింది.

మంజీరకు నవ్వొచ్చింది. "అప్పుడు ఇంకోటి ఆలోచిస్త. అందుకే గద మనిషిని పెట్టుకునేది."

పచ్చదీపం వెలిగింది. జోగారావు అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడనుకుని ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఆయనకు మాత్రం సంతోషం పట్టడం లేదు.

ఆయన కోచింగుపేటకు తిరిగొచ్చేసరికి సందు సందంతా శిక్షకులు రోడ్డు మీదే ఉన్నారు. అన్ని నమూనా గదుల తెరల మీదా పంపుల ప్రశ్న కింద ఉండే నెగ్గిన జవాబు మాయమైంది. ఆ చోటు ఖాళీగా ఉంది. దాని కింద కొత్తగా ఒక ప్రశ్న చేరింది: ఎందుకు? పాడైందేమో ఫిర్యాదు చేద్దామని కొందరు, ఎవడో దొంగే లోపలికి దూరాడని కొందరు కేకలేస్తున్నారు. జోగారావు వాళ్ళను దాటుకుని తన గదిలోకి వెళ్ళాడు.

అక్కడ శిక్షణ కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి కంగారుగా లేచి, తెర మీది పంపుల ప్రశ్న చూపించి దీనికి జవాబేమిటని అడిగింది.

"నాకు తెల్దమ్మా," అన్నాడు జోగారావు కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "నువ్వైతే ఏటి చేస్తావు?"

ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగి ఆలోచించడం మొదలుపెట్టింది. ఆయన తొందరపెట్టలేదు.