తిరిగొచ్చిన కాలర్లు

ఒకే రోజు, ఒకే కుట్టు ఫ్యాక్టరీ నుంచి, ఒకే ఇంటికి రెండు కాగితాలు వచ్చాయి. చిన్న కోడలి ఉద్యోగం ఖాయమైంది. పెద్ద కోడలు ఒకటో తారీకు నుంచి పనికి రానక్కర్లేదు!

"చూశావటే పెద్దదానా! నిన్నగాక మొన్న చేరింది, నిన్ను దాటిపోయింది. తొమ్మిదేళ్లుగా అక్కడ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నావా?" అంది అత్తగారు.

పెద్ద కోడలు తన కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. ఏమని చెబుతుంది?

అక్కడ ప్రతి కాలర్ల కట్టకీ కుట్టినవాళ్ల పేరున్న చీటీ ఉంటుంది. కాలరు కొన సరిగ్గా రాకపోతే కట్ట తిరిగొస్తుంది. చేరిన కొత్తలో తోటికోడలి కట్టలన్నీ తిరిగొచ్చేవి. ఆ పిల్ల మిషను మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే పెద్ద కోడలు చూడలేకపోయింది. తన కుట్టు ఆపి, అవి విప్పి, మళ్లీ కుట్టింది. చీటీ మాత్రం మార్చలేదు. ఒకరి చీటీ తీసి తనది పెట్టుకోవడం దొంగతనం కదూ! ఒక్క రోజనుకున్నది ఏడాదైంది. ఆ చీటీకి మంచి పేరు, తన చీటీకి పని తక్కువన్న మాట... తన చేతులే తన నోటి దగ్గరి కూడు తీశాయా? ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి?

"అత్తయ్యా, అక్కనేమీ అనకండి!" చిన్న కోడలు బావురుమంది. "ఆ కాలర్లు నావి కావు, అక్కవే! రేపే వెళ్లి చెప్పేస్తాను..."

"చెప్పి? మోసం చేశామని ఇద్దర్నీ పంపేస్తారు. అప్పుడు ఒకరి తలలో ఒకరం పేలు చూసుకుందామా?" అంది పెద్ద కోడలు.

అత్తగారు నోరు తెరిచింది. "అంటే... కష్టం నీది, కాగితం దానిదా? ఇదెక్కడి న్యాయమే!"

"ఏమో అత్తయ్యా! నన్నెవరూ మోసం చెయ్యలేదు. అయినా మోసపోయినట్టే ఉంది..."

"ఒకటో తారీకు నుంచి నా కట్టలు తిరిగొస్తే ఎవరు కుడతారక్కా? నాకిప్పటికీ ఆ కొన రాదు!"

పెద్ద కోడలికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఏడాదిపాటు చేసిపెట్టింది గానీ, ఒక్కనాడూ నేర్పలేదు! తోటికోడలి చెయ్యి పట్టుకుని ఇంట్లో ఉన్న పాత మిషను దగ్గరికి లాక్కెళ్లింది.

"కూర్చో. కొన దగ్గర సూది బట్టలోనే ఉంచు. అప్పుడు బట్ట తిప్పు."

"తిప్పాను."

"ఇదా తిప్పడం? విప్పెయ్. మళ్లీ."

అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుని, పీట తెచ్చి పెద్ద కోడలి వెనక వేసింది.

"ఎంతసేపని నిలబడతావు తల్లీ... కూర్చో."

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆ నోట 'తల్లీ' అని వినడం అదే మొదలు. కడుపు నిండిందో, మండిందో పెద్ద కోడలికి తెలియలేదు. కూర్చుంది.