టవలు కింద మూడు చేతులు

ఎమ్మిగనూరు జాతరలోకి దిగేటప్పుడు ఏజెంట్ నయీమ్ చేతిలో ఉన్న సరుకు ఇంతే. భుజాన ఒక టవలు, అది సొంతం. చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్, అందులోనే మైకు, అది బళ్లారి వాళ్ల దగ్గర అరువు. ఇద్దరు పగవాళ్ల నమ్మకం, అది రెండేళ్లు తిరిగి సంపాదించింది. ఇవి కాక ఒక ఆడమనిషి ఇచ్చిన మాట. మొదటి మూడింటికీ గ్యారంటీ ఉంది. నాలుగోదానికి లేదని పై ఆఫీసర్ లెక్క.

ఆ లెక్క ఆయన ముందురోజే చెప్పాడు, ఆదోనిలో మూతపడిన ఒక జిన్నింగ్ మిల్లు వెనక గదిలో. ఆయన పేరు దేవేంద్రప్ప, ర్యాంకు డీఎస్పీ. తలుపు మీద బోర్డు మాత్రం పత్తి గింజల టోకు వ్యాపారం అంటుంది.

"కూర్చోప్పా. టార్గెట్ పేరు శేఖర్. ఎద్దులకు గంటలు, ముగుతాళ్లు అమ్మేవాని వేషం. రేపు జాతరలో బాంబు పెడతాడు."

"ఎవురి కోసం సార్?"

"ఎవురి కోసమూ గాదు. యాపారం కోసం."

నయీమ్‌కు అర్థమైంది. ఆ ముఠా ఆఫీసు సముద్రం అవతల ఉంది. రాష్ట్ర సరిహద్దుకు రెండు పక్కలా ఉన్న పగల ఊళ్లకు పిస్తోళ్లు, మందుగుండు అమ్మడం దాని వ్యాపారం. ఒక తల తెగితే అవతలి ఇంటి నుంచి ఆర్డరు దానంతటదే వచ్చేది. అంత సులువైన గిరాకీ ఏ బజారులోనూ ఉండదు. దాన్ని చెడగొట్టింది ఒక ట్రైనింగ్ క్యాంపు. రెండు రాష్ట్రాల పోలీసులు కలిసి కూర్చుని, ఎవరికి తెలిసింది వాళ్లు అవతలివాళ్లకు నేర్పడం మొదలుపెట్టారు. బళ్లారి బాంబ్ స్క్వాడ్ ఆదోని కానిస్టేబుళ్లకు తీగలు చదవడం నేర్పింది. ఆదోని వాళ్లు బళ్లారి వాళ్లకు పగ వాసన పట్టడం నేర్పారు: ఎవరు ఎవరి పెళ్లికి పోవడం మానుకున్నారు, ఎవరు దారి మార్చి నడుస్తున్నారు, ఎవరి ఇంట్లో ఉన్నట్టుండి కొడవలికి సాన పట్టించారు. కత్తి లేవకముందే పోయి ఆ ఇంటి అరుగు మీద కూర్చునేవాళ్లు. అట్లా ఏడాది గడిచింది. ఒక్క హత్య లేదు. ముఠా గోడౌన్‌లో సరుకు కదలడం లేదు.

సరుకు కదలని వ్యాపారి ధరైనా దించాలి, గిరాకీ అయినా పుట్టించాలి. వాళ్లు రెండోది ఎంచుకున్నారు.

పెద్దకడబూరు వైపు బసన్నది ఒక వర్గం, బాలరాజుది ఒక వర్గం. రెండిళ్లలోనూ కత్తికి పోయిన మగవాళ్లు ఉన్నారు. ఇప్పుడు పోలీసులు కూర్చోబెట్టి మాట్లాడగా మాట్లాడగా ఒక చోటికి వచ్చారు. బసన్న తన ఎద్దుల జతను జాతరలో అందరి ముందరా బాలరాజుకు అమ్ముతాడు. బేరం కుదిర్చే దలాలి నయీమ్. వాళ్ల నాయన పీరా సాబ్ కాలం నుంచీ రెండు ఊళ్లూ ఒప్పుకున్న దలాలి ఇల్లు అది. ఆ ఎద్దుల పక్కన బాంబు పేలిందంటే బతికినవాళ్లు ఎవరూ ముఠాను తలుచుకోరు. ఎదుటివర్గం అనే అంటారు.

"కబురు ఎవరిచ్చినారు సార్?"

"ఆ యమ్మే. షాహిస్తా." దేవేంద్రప్ప ముఖం చిట్లించాడు. "మన జీతం తింటాంది, వాళ్ల జీతమూ తింటాంది. రెండు జీతాలు తినేవాళ్లను నేను నమ్మను."

"రెండు వేషాలు ఏసే నన్ను నమ్మినారు గదా?"

"నీకు జీతం ఒగటేలేప్పా. కోడ్ విను. ఎద్దుకు పళ్లెన్ని అన్నట్టు, పళ్లెన్ని అని నువ్వు అడుగు. ఆరు పళ్లు అంటే ఆమె మనపక్క. ఇంకేమన్నా అంటే అరెస్టు."

షాహిస్తా ఒకప్పుడు ముఠాకు స్విచ్చులు కట్టేది. తను కట్టిన స్విచ్చితో ఒక పెళ్లి బండి పేలిందని తెలిసిన రోజు బళ్లారి పోలీసుల గడప తొక్కింది. వాళ్లు ఆమెను ముఠాలోనే ఉండనిచ్చి డబుల్ ఏజెంట్‌ను చేశారు. నల్ల కళ్లద్దాలు, అత్తరు, మడమల బూట్లు వేసుకుని ఆమె క్యాంపులో క్లాసు చెప్పే రోజున ముందువరుస కోసం కానిస్టేబుళ్లు తోసుకునేవాళ్లు.

నయీమ్‌కు ఆమె ఒక పాఠం నేర్పింది. వదిలితే పేలే స్విచ్చిని వేరే మనిషి చేతిలోంచి తీసుకోవడం. బట్టల క్లిప్పుతో ప్రాక్టీసు.

"గుంజొద్దు దలాలీ సాబ్. వాని బొటనేలు కిందికి నీ బొటనేలు పోవాల. ఒగరి దుప్పట్లోకి ఇంగొగరు దూరినట్టు."

"ఇట్లాంటి పాఠాలు మా అమ్మ ముందర చెప్పొద్దు మేడమ్."

బదులుగా అతను ఆమెకు టవలు కింది బేరం నేర్పాడు. పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. చేతుల మీద టవలు కప్పి, వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. రెండు చేతులు టవలు కింద ఉన్నంతసేపూ మూడో మనిషి దగ్గరికి పోకూడదు. పలకరించకూడదు. అది సంత మర్యాద. ఒక సాయంత్రం బేరం పాఠం అయిపోయినా ఆమె టవలు కింద నుంచి చెయ్యి తీయలేదు. అతనూ తీయలేదు. జాతర దాటాక అమ్మ జహీరా బీతో చెప్పాలనుకున్నాడు.

జాతరలో పొద్దెక్కేసరికి దుమ్ము లేచింది. బసన్న ఎద్దుల పక్కన మేత బండి. అవతల శేఖర్ గంటల కొట్టు. షాహిస్తా వీడియోలు తీసే అమ్మాయి వేషంలో వచ్చింది. తెల్ల బూట్లు, చేతిలో కెమెరా, కెమెరాలోనే మైకు. గడ్డి అమ్మేవాని వేషంలో బాంబ్ స్క్వాడ్ కానిస్టేబుల్ యేసురత్నం. మఫ్టీలో మిగతావాళ్లు.

బాలరాజు ఎద్దు నోరు తెరిచి చూశాడు.

"కొమ్ములు బాగానే ఉండాయి. పొగరు ఓనర్‌దే వచ్చినట్టుంది."

"పొగరు కావాలంటేనే కొనప్పా," అన్నాడు బసన్న. "సాధువు కావాలంటే గొర్రెను కొనుక్కో."

ఇద్దరూ నవ్వారు. ఆ ఇద్దరూ ఒకచోట నవ్వడం జనం మొదటిసారి చూశారు. సరిగ్గా అప్పుడే నయీమ్ చెవిలో షాహిస్తా మైకు ఆగిపోయింది.

తల తిప్పి చూశాడు. ఆమె కెమెరా గంటల కొట్టు పక్కన నేల మీద పడి ఉంది. ఆమె మేత బండి దగ్గర శేఖర్ ఎదురుగా నిలబడి ఉంది. ఇద్దరి చేతుల మీదా ఎర్రగళ్ల టవలు. ఇద్దరి మొహాల్లోనూ నవ్వు.

"చూస్తివా?" ఇయర్‌పీస్‌లో దేవేంద్రప్ప గొంతు. "మైకు పారేసింది. బేరం కుదుర్చుకుంటాంది. అమ్ముడుపోయిందప్పా."

షాహిస్తా ఒకసారి అతని వైపు చూసింది. నవ్వు అట్లాగే ఉంది. తను నేర్పిన విద్యతోనే ధర పలుకుతోందనుకున్నాడు.

"పొమ్మంటారా సార్?"

"వద్దు. చేతులు బయటికి రానీ. సరుకు మారినాక ఇద్దర్నీ కలిపి పట్టుకుందాం."

ఆ ఆర్డరు లేకపోయినా నయీమ్ కదిలేవాడు కాదు. పుట్టినప్పటి నుంచీ సంతలో పెరిగిన కాళ్లు. టవలు కింద చేతులు ఉంటే అవి ఆగిపోతాయి. నిలబడ్డాడు. దారిన పోయేవాళ్లు కూడా ఆ ఇద్దరికీ దూరంగా తప్పుకుని పోతున్నారు. బసన్న బీడీ వెలిగించి, తాగి, ఆర్పేశాడు. టవలు కదలలేదు.

ఇంతసేపు పట్టే బేరం ఉండదు. అతనిలోని దలాలికి ఆ సంగతి ముందు తట్టింది, ఏజెంటుకు తర్వాత. ఆమె బూట్ల వైపు చూశాడు. ఎడమ బూటు తెల్లగా లేదు.

పరుగెత్తలేదు. పరుగెత్తితే జనం చూస్తారు. అంత జనం, అన్ని ఎద్దులు. ఎవరైనా బాంబు అని కేక వేస్తే పేలకముందే తొక్కుకుని చస్తారు. బేరం కలపబోయే దలాలిలా నడిచి పోయి ఇద్దరి పక్కనా నిలబడ్డాడు.

"పళ్లెన్ని?"

"ఆరు పళ్లు," అంది షాహిస్తా. గొంతు గాలిలా ఉంది.

టవలు కిందికి చెయ్యి పెట్టాడు. అప్పుడు తెలిసింది అంతా. శేఖర్ గుప్పిట్లో స్విచ్చి. అది పట్టుకుని దూరం పోయి వదలాలని వాని ప్లాను. అట్లా పోకముందే ఆమె బండి దగ్గరే వానిని పట్టుకుంది. ఒక చేత్తో వాని గుప్పిటిని బిగించి, ఇంకో చేత్తో వాని భుజం మీది టవలు లాగి పైన కప్పింది, జనం దగ్గరికి రాకుండా. ఇక్కడ వదిలితే వాడూ పోతాడు. అందుకే వదల్లేదు. ఆమెను వదిలించుకోవడానికి రెండో చేత్తో డొక్కలో కత్తి దించాడు. అయినా ఆమె వదల్లేదు. ఆ కత్తిని కూడా టవలే దాచింది.

"ఇంగ వదలమను దీన్ని," శేఖర్ నవ్వు మొహంతోనే పళ్లు కొరికాడు. "అందరం పోతాం."

"తొందరేముందప్పా. దలాలి వచ్చినాడు గదా," అన్నాడు నయీమ్. గొంతు తగ్గించి మైకులోకి: "యేసురత్నం, మేత బండి. గడ్డి కింద చూడు."

శేఖర్ బొటనవేలు కిందికి తన బొటనవేలు జరిపాడు. నెత్తుటితో వేళ్లు జారుతున్నాయి. షాహిస్తా వేళ్లే అతని వేళ్లకు దారి చూపించాయి. ఇంకా పోనీ, ఇంకా, అని నొక్కింది. లివరు అతని వేలి కిందికి వచ్చింది. మఫ్టీలో ఉన్న ఇద్దరు శేఖర్ భుజాల మీద చేతులేశారు, తాగినవానిని తీసుకుపోతున్నట్టు.

"దొరికింది," ఇయర్‌పీస్‌లో యేసురత్నం. "తీగలు చాలా ఉండాయన్నా. క్యాంపులో చూపించినట్టు లేవు."

షాహిస్తా అతని భుజానికి ఆనుకుంది. "ముడి యాపక్క ఉందో అడుగు."

"ఎడమకు," వచ్చింది జవాబు.

ఆమె కళ్లు మూసుకుంది. "ఎడమకు ముడేసేది నేనొక్కదాన్నే. పాత సరుకు. నేను కట్టిందే." ఊపిరి తీసుకుంది. "పచ్చది తియ్యమను. వేరేది ముట్టొద్దు."

"పచ్చది," అన్నాడు నయీమ్ మైకులోకి.

ఆ క్షణాన శేఖర్ పట్టు విదిలించుకుని నయీమ్ మోచేతిని తన్నాడు. వేలు జారింది. లివరు టక్కున పైకి లేచింది.

ఏమీ కాలేదు. దూరంగా ఒక ఎద్దు మెడ విదిలించింది, అంతే.

"తీసినానన్నా. ఇప్పుడే తీసినా," అంటున్నాడు యేసురత్నం. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

స్విచ్చి కింద పడేసి నయీమ్ ఆమెను పట్టుకున్నాడు. టవలు ఇంకా చేతుల మీదే ఉంది.

"ఆడ్నే ఎందుకు నిలబడిపోతివి? నీ తట్టు చూస్తిని గదా."

అబద్ధం నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాడు. "బేరం అనుకుంటి."

ఆమె నవ్వింది. ఈసారి నిజం నవ్వు. "నువ్వే నేర్పితివి గదా దలాలీ సాబ్, మద్దెలో పోగూడదని. నీదేం తప్పు? మంచి టీచర్‌వి."

అంబులెన్సు జనంలోకి రాలేదు. యేసురత్నం బాంబును గడ్డి మోపులో చుట్టి తీసుకుపోయాక, మేత బండిలో గడ్డి సర్ది ఆమెను పడుకోబెట్టారు. బసన్న తన ఎద్దులను కట్టాడు. బాలరాజు ముందు నడుస్తూ, "తప్పుకోండప్పా, తప్పుకోండి," అని దారి చేశాడు. నయీమ్ బండిలో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె వేళ్లు కాసేపు అతని వేళ్లతో ఏదో చెప్పాయి. ఏ ధరకూ సరిపడని లెక్క అది. తారు రోడ్డు రాకముందే ఆ వేళ్లు ఆగిపోయాయి.

"ఎవురప్పా ఈ యమ్మ?" బసన్న వెనక్కి తిరిగి అడిగాడు. "నీకేమన్నా అవుతాదా?"

చెవిలో ఇయర్‌పీస్ ఇంకా పనిచేస్తోంది. పీరా సాబ్ కొడుకు దలాలి మాత్రమే. ఆ కవర్ పోతే రెండు ఊళ్ల నమ్మకమూ పోతుంది.

"లేదన్నా," అన్నాడు నయీమ్. "వీడియోలు తీసే అమ్మాయి. జాతరలో కనపడింది."

బసన్న తన తలగుడ్డ విప్పి ఆమె మొహం మీద కప్పాడు.

తర్వాత లెక్క చూసుకుంటే అంతా లాభమే కనబడింది. శేఖర్ నోరు విప్పాడు. ముఠా గోడౌన్ దొరికింది. ఎద్దులు బాలరాజు ఇంటికి చేరాయి. రెండు ఊళ్లలో ఎవరూ చావలేదు. జాతర నుంచి ఇంటికి పోయిన ఆ జనంలో తాము తప్పించుకున్నామని ఎవరికీ తెలియదు. దేవేంద్రప్ప పత్తి గింజల గదిలో నయీమ్‌కు టీ పోసి ఇచ్చాడు, తన చేత్తో. "నేనే ఆగమంటి గదప్పా," అన్నాడు. నయీమ్ టీ తాగాడు. ఆయన ఆగమనకపోయినా ఆగేవాడినే అని చెప్పలేదు. ఆ తప్పులో తన వాటాను ఇంకొకరితో పంచుకోవాలని అనిపించలేదు.

ఎండలు ముదిరాక క్యాంపు మళ్లీ మొదలైంది. రెండు పక్కల నుంచీ కొత్త ట్రైనీలు వచ్చారు. స్విచ్చుల క్లాసు ఇప్పుడు నయీమ్‌దే. బట్టల క్లిప్పులు పంచాడు. బొటనవేలు కింద బొటనవేలు చూపించాడు. దుప్పటి పోలిక మాత్రం చెప్పలేదు. చివర్లో ఇద్దరు ట్రైనీలను ఎదురెదురుగా నిలబెట్టి, చేతుల మీద టవలు కప్పాడు.

"సంతలో ఇట్లా కనబడితే ఏం చేస్తారు?"

"దూరంగా ఉండాల సార్. బేరం జరుగుతాంది గదా," అన్నాడు ఒకడు.

"కాదు. పోయి టవలు ఎత్తి చూడాల."

దీప అనే ట్రైనీ లేచి నిలబడింది. రైతుల ఇంటి పిల్ల, మొహంలో నిజమైన బాధ. "సార్, అది నిజంగానే బేరమైతే? చెడిపోదా?"

"చెడిపోతాది," అన్నాడు నయీమ్. "తిడతారు. తిట్టించుకుని రా. ఎద్దులు ఇంగో సంతలో దొరుకుతాయమ్మా."