మెట్లగది దీపం

పగలంతా మీసాలు మెలేసే మగాళ్లు కూడా, పొద్దుగూకితే ఆ పాత మేడ వైపు తల తిప్పేవాళ్లు కాదు. దాని మెట్లగదిలో దీపం ముట్టుకున్నవాణ్ణి దెయ్యం చరుస్తుందట. మా పెదనాన్న పోయింది అక్కడే.

పెదనాన్న కరెంటు పని చేసేవాడు. బల్బు మార్చబోయి నిచ్చెన మీంచి పడ్డాడు. కింద పడేసరికే ప్రాణం పోయింది. షాక్ అందామా అంటే స్విచ్ ఆపే ఉంది, వీధంతా చూసింది. ఇంక దెయ్యం కాక ఏమిటి?

ఆ దెయ్యాన్ని అందరికంటే గట్టిగా నమ్మింది మా తాత. కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ మేడకి దీపాలు పెట్టింది ఆయనే మరి. దెయ్యం లేదంటే కొడుకుని చంపింది తన చెయ్యే అవుతుంది. ముద్ద దిగక మంచం పట్టాడు. "నువ్వెళ్లి చూసి రారా..." అని బాబాయిని రోజూ బతిమాలేవాడు.

బాబాయిదీ అదే పని. దెయ్యాలంటే నవ్వే మనిషి. ఓ సాయంత్రం చీకటి పడ్డాక వెళ్లాడు. ఇదంతా ఆయన నాకు చెప్పిందే.

ఇత్తడి స్విచ్ వేశాడు — దీపం వెలిగింది. ఆపాడు — ఆరింది. టార్చి నోట కరుచుకుని నిచ్చెనెక్కి, బల్బు తీసి, హోల్డర్లో టెస్టర్ పెట్టాడు.

టెస్టర్ ఎర్రగా వెలిగింది...

స్విచ్ ఆపే ఉంది. మరి ఈ కరెంటు ఎక్కడిది? బాబాయికి వెనక ఎవరో నిలబడ్డట్టే అనిపించింది. అయినా దిగి, మెయిన్ ఆపి, స్విచ్ విప్పాడు.

కరెంటు వచ్చే తీగకి పెట్టాల్సిన స్విచ్‌ని తిరిగి వెళ్లే తీగకి పెట్టారు. ఆపితే దీపం ఆరుతుంది. కరెంటు మాత్రం హోల్డర్లో కాచుకునే ఉంటుంది.

తర్వాత ఎవడో చెయ్యి పెట్టి పాడుచేశాడేమో... అలాగే అయితే బాగుండునని టార్చి దగ్గరికి తెచ్చాడు. గుడ్డ చుట్టిన ఆ తీగల మెలిక ఎడమకి తిరిగి ఉంది. తాతది ఎడమచేతి వాటం. ఆ మెలిక ఇంకెవరూ వెయ్యరు. బాబాయి ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చాడట.

ఇంటికి రాగానే తాత లేచి కూర్చున్నాడు. "ఉందా?" అన్నాడు గొంతు తగ్గించి.

బాబాయి కళ్లెత్తలేదు. "ఉంది నాన్నా... దెయ్యమే."

తాత గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు. ఎన్నాళ్లకో కంచం తెమ్మన్నాడు.

"నాకు తెలుసురా," అన్నాడు తింటూ. "ఈ వీధిలో ప్రతి ఇంటికీ తీగ లాగింది నేనే. అన్నీ ఒకే పద్ధతి. ఒక్క మాటైనా వచ్చిందా?"

బాబాయి కిటికీలోంచి చూశాడు. వీధి పొడుగునా ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయి.

ఎదురింట్లో ఎవరో స్విచ్ ఆపి, కుర్చీ జరుపుకుని, బల్బుకోసం చెయ్యి చాపారు.